పోస్టు డబ్బా

పోస్టాఫీసులో ఆయన్ని అందరూ అరుగుదల అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గుర్తున్నవాళ్ళంతా రిటైరైపోయారు. ఎందుకు పెట్టారో మాత్రం రోజూ ఉదయం ఎనిమిదింటికి ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఎడంచేతిలో వెన్న బన్ను, కుడిచేతిలో ఉత్తరాల కట్ట. బొటనవేలితో ఒక్కో ఉత్తరాన్నీ తోస్తూ, చిరునామాని చూసీచూడకుండా చూస్తూ, గోడకున్న చెక్క గళ్ళలోకి విసురుతుంటాడు. ఒక్కటీ గురి తప్పదు. బన్ను కూడా గురి తప్పదు. పక్కవాళ్ళెవరైనా "ఇప్పుడే కదా ఇంట్లో తినొచ్చావు?" అంటే నోట్లోది మింగకుండానే జవాబు వస్తుంది.

"అరిగిపోతుందిలే."

పన్నెండో బీటు ఆయనది. రోజుకి పద్నాలుగు కిలోమీటర్లు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా. మిగతా పోస్టుమాన్లు సైకిళ్ళకి మారారు, ఆ తర్వాత మోపెడ్లకి మారారు, ఈయన మాత్రం సంచీ భుజాన వేసుకుని కాళ్ళనే నమ్ముకున్నాడు. బూట్లు అరుగుతున్నంతకాలం తిండి కూడా అరుగుతుందని ఆయన సిద్ధాంతం. నాలుగు నెలలకోసారి బూట్ల అడుగులు మార్పిస్తున్నాడు కనక తిండి సంగతి వేరే చూసుకోనక్కర్లేదు.

ఆ సోమవారం నర్సు కాగితాల కవరు పట్టుకుని వచ్చింది. కిందటివారం ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేసి వెళ్ళింది ఆవిడే. పోస్టుమాస్టరు మేడమ్ గదిలో ఒక్కొక్కర్నీ పిలిచి చెప్తున్నారు. మేడమ్ ఆయనకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మంచి మనిషే, కానీ కాగితం మీద ఏముంటే అదే నిజమనుకునే రకం.

"బాబాయ్, మీకు షుగరు రెండొందల ఎనభై ఉంది. పరగడుపున," అంది నర్సు.

"పరగడుపునే వచ్చానమ్మా. దారిలో ఒక బన్ను తిన్నానంతే."

నర్సు పెన్ను కింద పెట్టింది. "బన్ను తిని పరగడుపేంటి బాబాయ్?"

"బన్ను కూడా లెక్కేనా?"

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూసింది. నర్సు నవ్వలేదు. ఇంకో కాగితం తీసింది. "సరే, ఆ పరీక్ష వదిలెయ్యండి. ఇది చూడండి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. దీన్ని ఒక్కపూట బన్నుతో పాడుచెయ్యలేరు, ఒక్కపూట ఉపవాసంతో బాగుచెయ్యలేరు. ఏడు లోపుండాలి. మీది పది దాటింది."

"నేను నడుస్తానమ్మా," అన్నాడాయన, అసలు విషయం ఆవిడకి తెలియలేదేమో అన్నట్టు. "పద్నాలుగు కిలోమీటర్లు."

"తెలుసు. అందుకే ఇంత ఉందేమిటా అని ఆశ్చర్యపోయాను."

మేడమ్ గొంతు సవరించుకుంది. "కౌంటర్లో కూర్చునే సారుది, మీది, మార్చేద్దామనుకుంటున్నాను. మీరు ఇక్కడ గళ్ళ దగ్గర కూర్చుంటారు. ఆయన బీటుకెళ్తారు. ఎండలో ఎక్కడైనా పడిపోతే నేను జవాబు చెప్పాలి కదండీ."

ఆయనకి చెవుల్లో వేడి పుట్టింది. కౌంటరు సారు అంటే ఎవరు? స్టాంపు కోసం సొరుగు దాకా కూడా లేవకుండా, కుర్చీతోనే జరిగే మనిషి. మధ్యాహ్నం డబ్బా తీస్తే ఉడకపెట్టిన కూరముక్కలు తప్ప ఇంకేం ఉండదు. అందుకే ఆయనకి ఉడకపెట్టిన సారు అని పేరు పెట్టింది ఈయనే. కదలని మనిషికి అన్నీ బాగున్నాయట. ఊరంతా తిరిగే మనిషికి కుర్చీ అట. ఇదెక్కడి న్యాయం?

"ఏడాదిన్నరలో దిగిపోతాను మేడమ్," అన్నాడు. "నడుస్తూ దిగిపోనివ్వండి."

మేడమ్ నర్సు వంక చూసింది.

"వచ్చే సోమవారం మళ్ళీ పరీక్ష చేస్తాను. నిజం పరగడుపున," అంది నర్సు. "కాస్తయినా తగ్గితే అప్పుడు మాట్లాడదాం. తిండి తగ్గించండి బాబాయ్."

ఆయన తలూపాడు. బయటికొచ్చి సంచీ భుజాన వేసుకుంటూ, తిండి తగ్గించడం దేనికి, నడక పెంచితే పోలా అనుకున్నాడు.

*

ఆ రోజునుంచే పెంచాడు. నాలుగంతస్తుల మేడలో ఉత్తరాలు కింద ఉన్న పెట్టెల్లో వేసేసి వెళ్ళొచ్చు. ఇప్పుడు ఒక్కో అంతస్తూ ఎక్కి తలుపు కొట్టి ఇస్తున్నాడు. "ఏంటండీ, ఏమైనా సంతకం చెయ్యాలా?" అని జనం కంగారుపడుతున్నారు. కరెంటు ఆఫీసు వెనకనుంచి అడ్డదారి ఉంది. దాన్ని వదిలేసి పెద్దరోడ్డు చుట్టూ తిరిగి వస్తున్నాడు. మేడ వెనక కొత్త గోడ కడుతున్నచోట చెక్కపలకలూ రాళ్ళూ దాటుకుంటూ మరీ ఇంకో చుట్టు కలుపుకున్నాడు. కాళ్ళు నొప్పి పుట్టలేదు. అసలు ఈమధ్య ఆయనకి కాళ్ళు నొప్పి పుట్టడమే లేదు. కొత్తల్లో బొబ్బలెక్కి, సాయంత్రానికి ఉప్పునీళ్ళలో పెట్టుకుని మూలిగేవాడు. ఇప్పుడు ఎంత నడిచినా ఏమీ తెలియదు. కాళ్ళు రాటుదేలాయని తన బూట్లు బాగుచేసే ఆయనతో గర్వంగా చెప్పుకుంటుంటాడు.

నడక పెరిగింది కనక ఆకలి పెరిగింది. బేకరీ ఆవిడ గాజుపెట్టె మీదనుంచే చెయ్యి చాచి కేకు అంచుముక్క ఇస్తుంది. ముక్క కోసినప్పుడు మిగిలే అంచులన్నీ ఆయనకే. కొట్టు ముందు ఆగకుండానే అందుకుని వెళ్ళిపోవడం, రైలు కదులుతుండగా సంచీ అందుకున్నట్టు, ఇద్దరికీ అలవాటైపోయింది. మందులకొట్టాయన బిస్కెట్లు పెడతాడు. అక్కణ్ణుంచి వరసగా ఎవరో ఒకరు. ఎవర్నీ ఆయన అడగడు. ఎవర్నీ వద్దనడు.

పదకొండింటికి టీచరుగారిల్లు.

గేటు తలుపు కిర్రుమనగానే లోపల గ్యాసుపొయ్యి వెలిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆయన వరండాలో పేము కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్ళోకి దింపుకుంటాడు. టీచరుగారు ఎనభైకి దగ్గర్లో ఉంది. గోడ పట్టుకుని మెల్లగా వస్తుంది గానీ రెండు కప్పుల పళ్ళెం మాత్రం ఎవరికీ ఇవ్వదు. నీలం గీత కప్పు ఆవిడది. ఎర్ర గీత కప్పు ఆయనది.

"ఇవాళ ఆలస్యం అబ్బాయ్. తొమ్మిది నిమిషాలు."

యాభై ఎనిమిదేళ్ళ మనిషిని అబ్బాయ్ అనేవాళ్ళు ఈ ప్రపంచంలో ఇంకెవరూ మిగల్లేదు. ఆ మాట వింటే ఆయనకి సంచీ బరువు తగ్గినట్టుంటుంది.

"చుట్టుదారిన వచ్చానండి."

"ఎందుకూ?"

"ఊరికే. గాలి బాగుందని."

ఎర్ర గీత కప్పులో నాలుగు చెంచాల పంచదార. అడుగున కరగకుండా మిగిలిన దాన్ని కప్పు వంచి, వేలితో తట్టి నోట్లో వేసుకోవడం ఆయనకి ఇష్టం. ఆ అలవాటు ఉద్యోగంలో చేరిన తొమ్మిదోరోజుది. అప్పుడు సంచీ ఇలా ఉండేది కాదు. పట్టీ భుజంలోకి దిగబడేది. అన్నీ చేతిరాత ఉత్తరాలే. పొద్దున ఏమీ తినకుండా, మధ్యాహ్నం ఏం తినాలో తెలియకుండా నడుస్తూ నడుస్తూ సరిగ్గా ఈ గేటు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. లేచేసరికి తల కింద సంచీ, పెదాల మీద తీపి. "ముందు తాగు. ఊరు ఎక్కడికీ పోదు," అంటోంది ఒకావిడ. చీరకొంగుకి సుద్దపొడి అంటి ఉంది. అంత తియ్యటి టీ అంతకుముందు ఎక్కడా తాగలేదు. ఇప్పటికీ తాగలేదనే అంటాడు.

ఆ రోజుల్లో టీచరుగారికి వారానికి పాతిక ఉత్తరాలు వచ్చేవి. పాత విద్యార్థులు పెళ్ళిళ్ళు కుదిరాయనీ, ఉద్యోగాలు వచ్చాయనీ, పిల్లలు పుట్టారనీ రాసేవాళ్ళు. కవరు చింపకుండా, కత్తెరతో అంచు కత్తిరించి, ఆవిడ ఒకటి రెండు వాక్యాలు పైకి చదివేది. "వీడికి ఇప్పటికీ ఒత్తులు రావు చూడు," అని నవ్వేది. ఏ పిల్లవాడికి ఏ అక్షరం రాదో ఆయనకి కూడా తెలిసిపోయింది. తర్వాత తర్వాత ఉత్తరాలు పల్చబడ్డాయి. ఆగిపోయి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. ఆయన మాత్రం గేటు తీస్తూనే ఉన్నాడు. ఏ దుకాణం ప్రకటన కాగితమో ఒకటి సంచీలోంచి తీసి గౌరవంగా చేతికిస్తాడు. ఆవిడ దాన్ని కూడా కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదువుతుంది.

"ఇంకో బిస్కెట్ తీసుకో."

"ఇప్పటికే మూడు తిన్నానండి."

"నడిచేవాడివి, నీకేం?"

"అదీ నిజమే. అరిగిపోతుంది," అని నాలుగోది తీసుకున్నాడు. రక్తపరీక్ష సంగతి చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

*

ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆయన భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా నిలబడే ఉద్యోగం. ఆయన జేబులో కాగితం పెట్టుకుని మర్చిపోతే, చొక్కా ఉతకబోయి ఆవిడ చూసింది. మంగళవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి ఆ కాగితం భోజనం బల్ల మీద, మడతలు పోయేలా ఇస్త్రీ చేసి పెట్టి ఉంది.

"ఇదేంటి?"

"ఏముంది, సంఖ్యలు. నడుస్తున్నాను కదా, తగ్గిపోతాయి."

"మీరు నడిచేది నడకంటారా?" అందావిడ. "ఒకరింట్లో తిని, ఇంకొకరింటికి తినడానికి వెళ్ళడాన్ని నడకనరు."

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. కంచంలో ఉడికిన చిక్కుళ్ళు, ఇంత పెరుగు, ఒకే ఒక్క గరిటె అన్నం పెట్టింది. ఆయన కంచం వంక చూసి, ఉడకపెట్టిన సారు తన ఇంట్లో దూరినట్టు ముఖం పెట్టాడు.

"మా నాన్న ఎప్పుడూ కడుపునిండా తినలేదు తెలుసా?" అన్నాడు కాసేపాగి. "ఆయన కూడా ఇలాగే నడిచేవాడు, ఊళ్ళు తిరిగి బట్టలమ్ముతూ. రాత్రి పడుకుంటే కడుపులోంచి చప్పుళ్ళు వచ్చేవి. పక్కన పడుకుని నేను వినేవాణ్ణి. నడిచేవాడికి తినడానికి ఉండటమంటే ఎంత అదృష్టమో నీకు తెలియదు."

ఆవిడ ఎదురుగా కూర్చుంది. చేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలున్నాయి. ఆ చేత్తోనే ఆయన కంచంలోకి ఇంకో అరగరిటె అన్నం వేసింది.

"మీరు ఆయన కోసం కూడా తింటున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ జబ్బు మీ ఒక్కరికే వస్తుంది," అంది.

ఆయన ఆ అన్నం కూడా తిన్నాడు. బుధవారం ఆవిడ కట్టిచ్చిన డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దాన్ని బుద్ధిగా ఖాళీ చేశాడు కూడా. దారిలో అందాల్సినవి అంతకుముందే అందాయి, ఆ తర్వాత కూడా అందాయి. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఆయన మళ్ళీ బీటంతా ఖాళీ సంచీతో ఒకసారి నడిచొచ్చాడు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. సోమవారం నర్సు ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ గేటు గేటుకీ తల పంకించాడు.

*

గురువారం కుడిబూటు తాడు తెగింది. మెట్లకింద గదిలో బూట్లు బాగుచేసే ఆయన ఉంటాడు. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకోవడం మొదలెట్టి పాతికేళ్ళు. చుట్టరికం ఏమీ లేదు. అరిగిన బూట్లే చుట్టరికం.

"రెండూ విప్పు. అడుగులు కూడా చూస్తాను," అన్నాడు బూట్లాయన.

"మొన్ననే కదా వేశావు?"

"నువ్వు ఈ వారం ఊరి చుట్టూ గోడ కడుతున్నట్టు తిరుగుతున్నావట. బేకరీ ఆవిడ చెప్పింది."

పోస్టుమాన్ చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, చొక్కాజేబులోంచి కేకుముక్క తీశాడు. బూట్లాయన ఎడమబూటు బోర్లించి చూశాడు. అతను అడుగు చూసి మనిషిని చెప్పేస్తాడు. ఎవరు మడమ మీద బరువేస్తారో, ఎవరు కాలీడుస్తారో, ఎవరికి కోపమెక్కువో కూడా. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత పట్టకారు తీసి, అడుగులోంచి ఏదో పట్టి మెల్లగా లాగాడు. అంగుళం పొడవు మేకు. చెక్కపలకల్లో ఉండే రకం. తల అరిగి బూటు అడుగుతో సమానమైపోయింది.

"ఇది ఎప్పట్నుంచి ఉంది బావా?"

"ఏది? మేకా? ఏమో. నాకేం తగల్లేదే."

బూట్లాయన బూటులోకి చెయ్యి పెట్టి లోపలి అట్ట బయటికి తీశాడు. అది గోధుమరంగు అట్ట. మధ్యలో అరచేతంత మేర నల్లగా, తడిగా ఉంది. వెలుతురులోకి తిప్పాడు. నలుపు కాదు.

పోస్టుమాన్ నోట్లో కేకు అలాగే ఉండిపోయింది.

"మేజోడు విప్పు," అన్నాడు బూట్లాయన.

మేజోడు పాదానికి అంటుకుపోయింది. లాగి తీశాక ఇద్దరూ చూశారు. తర్వాత బూట్లాయన చెప్పిన మాట అతని వృత్తిలో ఎప్పుడూ వాడనిది.

"కళ్ళు మూసుకో."

"ఎందుకూ?"

"మూసుకో బావా. నీ బూట్లు ఎత్తుకుపోనులే. ఇదిగో, తోలు మీద గీతలు గీసుకునే సుద్దముక్క. దీన్ని నీ కాలికి ఆనిస్తాను. తగిలినప్పుడల్లా చెప్పు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. వీధిలో సైకిలు గంట. బంక వాసన. ఆయన ఓపిగ్గా ఎదురుచూశాడు.

"కానియ్యి మరి. ఎంతసేపు?"

"కళ్ళు తెరువు."

తెరిచాడు. పాదం అడుగున, గాయానికి దూరంగా, బొటనవేలి కిందా చిటికెనవేలి కిందా మడమ మీదా తెల్లటి గీతలున్నాయి. ఐదు. లావుగా, గట్టిగా నొక్కి గీసినవి.

"రాటుదేలాయి బావా," అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళ నడక కదా."

బూట్లాయన సుద్దముక్క పక్కన పెట్టాడు. "నేను పుట్టినప్పట్నుంచీ తోలుతోనే బతుకుతున్నాను. రాటుదేలిన తోలేదో చచ్చిన తోలేదో నాకు తెలియదా?" అని, గుమ్మం దగ్గరికెళ్ళి ఆటో కోసం కేకేశాడు.

*

ఆసుపత్రిలో నర్సు గాయం కడుగుతున్నంతసేపూ ఆయన గోడ మీద గడియారం చూస్తున్నాడు. పదకొండు. ఇవాళ గేటు కిర్రుమనలేదు. టీచరుగారు పొయ్యి వెలిగించి ఉంటుందా, ఆపేసి ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు. కడుగుతున్న సంగతి చూస్తేనే గానీ తెలియడం లేదు. అదే భయంగా ఉంది.

"ఇవాళ వేలిమీద చుక్క తీసి చూశాను బాబాయ్," అంది నర్సు. "రెండొందల నలభై. కొంచెం తగ్గింది."

"ఇరవై ఎనిమిది కిలోమీటర్లకి నలభయ్యేనా?"

"నడక తప్పని నేనెప్పుడన్నాను? మీరు నడవబట్టే ఇన్నాళ్ళు లాగారు. కూర్చునే మనిషైతే ఇది పదేళ్ళ కిందటే జరిగేది. కానీ దారి పొడుగునా పోసుకుంటూ వెళ్తే ఎంత నడిచినా ఖాళీ అవ్వదు కదా." ఆవిడ కట్టు చుట్టడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. "పాదంనుంచి కబురు తెచ్చే నరాలుంటాయి. అవి పాడయ్యాయి. కింద ఏం జరుగుతోందో పైకి చేరట్లేదు."

అంటే బట్వాడా ఆగిపోయిందన్నమాట. పోస్టుమాన్‌కి ఆ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

నెలరోజులు ఆ పాదం నేలకి ఆనించకూడదంది. మానాక నడవొచ్చు, రోజూ పాదం చూసుకుంటూ, మామూలు మనుషులు నడిచినంత. బీటు మాత్రం కాదు. ఆయన భార్య లాండ్రీనుంచి పరుగెత్తుకొచ్చింది. చేతికి ఇంకా ఆవిరి తడి ఉంది. ఆయన బూటు తీసి, లోపలికి చూసి, తన సంచీలో పెట్టుకుంది. ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

శుక్రవారం ఆయన చేతికర్ర పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాడు. "ఆ మార్పు కాగితం టైపు చేయించండి," అన్నాడు. సోమవారం దాకా ఆగలేదు. "కానీ రేపు ఒక్కరోజు ఇవ్వండి. సారుకి ఇళ్ళు చూపించాలి."

*

శనివారం ఉడకపెట్టిన సారు మోపెడ్ వెనక సీటు మీద కూర్చుని ఆయన తన బీటు చూశాడు. అంత వేగంగా ఎప్పుడూ చూడలేదు. గేట్లన్నీ వెనక్కి పరుగెత్తుతున్నాయి. కట్టుకట్టిన కాలు బయటికి చాపి, సారు భుజం పట్టుకుని, ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు.

"ఇక్కడ తలుపు కొట్టొద్దు, చంటిపిల్ల పడుకుంటుంది. ఈ ఇంట్లో ఇద్దరన్నదమ్ములకీ పడదు, ఒకరి ఉత్తరం ఇంకొకరికివ్వొద్దు. అదిగో, ఆ కిటికీలోంచి వేస్తే పెద్దాయన అందుకుంటాడు."

"మూలింట్లో కుక్క ఉందటగా?" అన్నాడు సారు. ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి.

"ఉంది. బిస్కెట్ వేస్తే ఏమీ అనదు."

"దానికి కూడా తిండి అలవాటు చేశారా అరుగుదలగారూ?"

ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు. బేకరీ దగ్గర చెయ్యి చాచిన ఆవిడకి కట్టు చూపించి, అంచుముక్క వద్దన్నాడు. చెప్పడం తేలికే. ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లో కాసేపు అలాగే ఉండిపోయింది. దాన్ని చూడటమే కష్టమైంది. ఇక్కడే ఇలా ఉంటే పదకొండింటికి ఏం చెయ్యాలి? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పోసిన టీ వద్దనాలి. అది కూడా ఎందుకు వద్దంటున్నాడో ఆవిడకి తెలియకుండా అనాలి. దారంతా ఆయన ఆలోచించింది అదే.

గేటు కిర్రుమంది. సారుని ముందు మూలింటి కుక్కతో పరిచయం చేసుకురమ్మని పంపాడు. వరండాలో పేము కుర్చీ దాకా కుంటుకుంటూ వచ్చేసరికి టీచరుగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"రెండురోజులు," అంది. తర్వాత కట్టు చూసింది. మూడుమెట్లు ఎక్కినందుకే ఒక మూల ఎర్రగా ఊరింది. "లోపలికి రా. కాలు పైకి పెట్టుకోవాలి. వరండాలో పీట లేదు."

ఆ ఇంట్లో వంటగదిలోకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. చిన్నగది. కిటికీ కింద పొయ్యి, దాని పక్కన బల్ల. ఆవిడ స్టూలు జరిపి, ఆయన మడమ కింద తుండు మడిచి పెట్టింది. గోడమీద అరలో డబ్బాలు వరసగా ఉన్నాయి. అన్నిటికీ తెల్లకాగితం అంటించి, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో పేర్లు. ఉప్పు. పప్పు. టీపొడి. బియ్యం. చివర ఒక రేకుడబ్బా. పోస్టు.

ఆయన మనసు చల్లబడింది. అన్నీ దాచుకుందన్నమాట. ఒత్తులు రానివాడివి కూడా.

"పాత ఉత్తరాలాండీ?" అన్నాడు డబ్బా చూపించి.

టీచరుగారు దాన్ని దింపి, ఆయన ముందు బల్ల మీద పెట్టి మూత తీసింది. సగం దాకా పంచదార. లోపల చెంచా గుచ్చి ఉంది.

"నీదే," అంది. "నన్ను డాక్టరు మానమని ఇరవైరెండేళ్ళయింది. ఈ ఇంట్లోకి పంచదార వచ్చేది నీకోసమే. పనమ్మాయి పొరపాటున నా కప్పులో వేస్తుందని పేరు రాసిపెట్టాను."

"మరి రోజూ నాతో..."

"నాది వట్టి టీ. అందుకే కదా రెండురకాల కప్పులు."

ఎర్ర గీత తన మీద ముచ్చటకొద్దీ కేటాయించిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆవిడ పొయ్యి వెలిగించబోయి ఆగింది. కాలు వంక చూసింది.

"ఏం గుచ్చుకుంది?"

"మేకండీ."

"గుచ్చుకున్నప్పుడు తెలియలేదా?"

ఆయన కట్టుకట్టిన కాలు కొంచెం వెనక్కి లాక్కున్నాడు. ఆ జబ్బుతో ఇరవైరెండేళ్ళు కాపురం చేసిన మనిషికి ఇంకో జవాబు అక్కర్లేదు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. మూత డబ్బా మీద పెట్టి, దానిమీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"ఎంతుంది?"

చెప్పాడు.

"అరిగిపోతుందనేవాడివి," అంది. "నేను నమ్మాను. నాకు తెలిసుండీ నమ్మాను. ఇన్నేళ్ళూ పిల్లలకి కూడికలూ తీసివేతలూ చెప్పాను. నీ దగ్గర లెక్క తప్పాను."

ఆయన దారంతా సిద్ధం చేసుకున్న అబద్ధాలేవీ నోటికి రాలేదు. ఆవిడ చెయ్యి ఇంకా డబ్బామీదే ఉంది. ఆ చెయ్యి చూస్తుంటే ఆయనకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"టీచరుగారూ, ఆ తొమ్మిదోరోజు మీరు ఆ టీ ఇవ్వకపోతే సంచీ ఈ గేటు దగ్గరే పడేసి వెళ్ళిపోయేవాణ్ణి. పొద్దున్నే అలా అనుకునే బయల్దేరాను. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆ టీ మీదే నడిచాను. తర్వాతవి నేను తిన్నాను, మీరు పెట్టడం కాదు. వద్దనడం నాకు చేతకాలేదు."

కిటికీ బయట మూలింటి కుక్క మొరిగి, ఆగింది. సారు బతికే ఉన్నట్టున్నాడు.

"ఇవాళ మీరు తాగేదే పోయండి," అన్నాడాయన.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని లేచింది. పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టింది. రెండూ నీలం గీత కప్పులే తీసింది. ఒకదానికి అంచు విరిగి ఉంది, అది తన ముందు పెట్టుకుంది. ఆయన ఒక గుటక తాగాడు.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పమంటారా?"

"చెప్పు."

"ఘోరంగా ఉందండీ."

టీచరుగారు నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత కప్పు కింద పెట్టాల్సొచ్చేంత గట్టిగా. "మొదటి ఏడాది నాకూ అలాగే ఉండేది. రెండో ఏడు అలవాటవుతుంది," అంది. నవ్వు ఆగాక డబ్బా దగ్గరికి లాక్కుంది. "పంచదార పనమ్మాయికిచ్చేస్తాను. డబ్బా ఏం చెయ్యను మరి?"

"పేరుంది కదండీ. ఉత్తరాలు పెట్టుకోండి."

"నాకెవరు రాస్తారబ్బాయ్?" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వాన పడటం లేదన్నట్టు మామూలుగా.

*

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆయన గళ్ళ ముందు కూర్చున్నాడు. కాలు స్టూలు మీద, పక్కన భార్య కట్టిచ్చిన డబ్బా. ఎడంచెయ్యి ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక కాసేపు తొడమీద పెట్టుకున్నాడు. తర్వాత కట్ట అందుకున్నాడు. కూర్చుని విసిరినా గురి తప్పలేదు. ఇప్పుడు ఒక్క పన్నెండో గడి కాదు, ఊరంతా ఆయన చేతిలోంచే వెళ్తోంది. బ్యాంకు కాగితాలు, కరెంటు బిల్లులు, ప్రకటనలు. చేతిరాతవి వెతికితే నాలుగున్నాయి. టీచరుగారిది లేదు. లేదని తెలిసినా చివరిదాకా చూశాడు.

బీటువాళ్ళు బయల్దేరడానికి ఇంకా పావుగంట ఉంది. ఆయన కౌంటరు దగ్గరికి కుర్చీతోనే జరిగాడు. అచ్చం సారు జరిగినట్టే. ఒక కార్డు కొన్నాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి ఉత్తరాలు మోశాడు గానీ తను ఒక్కటీ రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. రాశాక దాని మీద తారీఖు ముద్ర తనే కొట్టాడు, అక్షరాలమీద పడకుండా జాగ్రత్తగా. పన్నెండో గడిలోకి విసరలేదు. లేచి, గోడ పట్టుకుని రెండడుగులు ఒంటికాలిమీద గెంతి, చేత్తో పెట్టాడు.

ఉడకపెట్టిన సారు తన కట్ట తీసుకుంటూ కార్డు చూసి ఆగాడు. "ఇదేంటి, చేత్తో రాసింది!"

"చదవొద్దు," అన్నాడు అరుగుదల. "పదకొండింటికి అందాలి. ఆలస్యమైతే ఆవిడ నిమిషాలతో సహా చెప్తుంది."

కానీ కార్డు కదా, సారు మెట్లు దిగుతూ చదవనే చదివాడు.

టీచరుగారికి నమస్కారాలు. గాయం మానుతోంది అంటోంది నర్సు. ఇవాళ పొద్దున బన్ను తినలేదు. ఇంట్లో వట్టి టీ తాగాను, ఇంకా ఘోరంగానే ఉంది. నా ఒత్తులు తప్పయితే సరిదిద్ది చెప్పండి. ఇది డబ్బాలో పెట్టుకోండి. రేపు ఇంకొకటి వస్తుంది.